పురపాలక సభ త్రాసు: ఏ పని ముందు, ఏ పని వెనుక?

ఒక పురపాలక సంఘము మంచిదో కాదో తెలిసికొనగోరువారు దాని యాదాయమెంతయని అడుగుదురు. ఆ యాదాయముతో అది యే పనిని ముందు చేసెను, ఏ పనిని వెనుకకు నెట్టెను అని యడుగుట అంతకంటె మేలని మా యభిప్రాయము. ఆదాయము చాలిన నగరము భూమిమీద ఎచ్చటను లేదు. ధనిక నగరమునకు ధనికుల కోరికలుండును. పేద నగరమునకు గుక్కెడు మంచినీళ్ల కోరికయే కొండంతగా నుండును. కొళాయిలు, మురుగు కాలువలు, వీధులు, దీపములు, బడులు, వైద్యశాలలు, ఉద్యానములు, గ్రంథాలయములు అన్నియు మంచివే; కాని యన్నియు ఒక్క సంవత్సరములో కావు. వీనిలో దేనికి అగ్రతాంబూలము నీయవలెనో నిర్ణయించుటయే నగరపాలనమందలి ముఖ్యమైన కార్యము. అది యొకసారి సరిగా నిర్ణయమైనచో తక్కిన పనిని ఇంజనీర్లును గుమాస్తాలును చక్కబెట్టగలరు.

ఇట్టి నిర్ణయము మన గృహిణులకు క్రొత్త గాదు. నెల మొదట చేతికి వచ్చిన రూకలను బియ్యమునకింత, బడిజీతమునకింత, మందులకింత అని వారు పంచుచునే యున్నారు. అయితే గృహిణికొక సౌకర్యము గలదు. ఏ కుండలో గింజలు అడుగంటినవో యామె కన్నులార చూచును. ఏ బిడ్డకు జ్వరము వచ్చినదో యామె చేతికే తెలియును. పురపాలక సభలోని పెద్దలకు ఆ సౌకర్యము లేదు. వారు పంచెడి ధనము ఊరివారిది. అడుగంటిన కుండ వారెన్నడును అడుగుపెట్టని పేటలోనిది. ఈ దూరమును తగ్గించుటకు వేర్వేఱు దేశములలో వేర్వేఱు కాలములలో ప్రయత్నములు జరిగినవి. వానిలో రెంటిని మేమిచ్చట చదువరుల ముందుంచుచున్నాము. ఒకటి ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ పట్టణమున 1873 మొదలు మూడేండ్లలో జరిగినది. రెండవది బ్రెజిలు దేశములోని పోర్టో అలెగ్రె నగరమున 1989 మొదలు జరిగినది. మొదటిదానిలో త్రాసు పట్టినవారు మిక్కిలి సమర్థులు. రెండవదానిలో త్రాసు ప్రక్కన అక్కఱగలవారే కూర్చుండిరి. ఈ రెంటికిని గల భేదమును గుర్తించినచో మన యూళ్లలో నేమి చేయవలెనో కొంత తెలియవచ్చును.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ బర్మింగ్‌హామ్ ఇనుము, ఇత్తడి, తుపాకులు, గుండీలు, కలముల పాళీలు చేయు పనివాండ్ర పట్టణము. 1871వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచ్చట సుమారు 3 లక్షల 40 వేలమంది యుండిరి. అంత జనమున్నను పురసభ చేయు పని మాత్రము స్వల్పము. 1850వ సంవత్సర ప్రాంతమున ఆ సభలో బలము గలవారికి పొదుపరులని పేరు. వారిలో పెక్కుమంది చిన్న వర్తకులు. పన్ను పెరుగకుండుటయే పాలనమునకు పరమావధియని వారి నమ్మకము. ఆ పొదుపరుల పొదుపువలన పేదల వాడలలో మురుగు నిలిచెను. పట్టణములో సగముమందికి బావినీళ్లే ఆధారము; ఆ బావులలో పెక్కింట మురుగు ఊరుచుండెను. ఖర్చు లేని పాలనమని వారనుకొన్నదానికి ఖర్చును రోగముల రూపమున పేదలు చెల్లించుచుండిరి. ఆ లెక్క పురసభ పద్దులలో ఎక్కలేదు. శ్మశానపు పద్దులలో ఎక్కినది.

ఈ స్థితిని మార్చుటకు మొదట పూనుకొన్నవారు మతబోధకులు. జార్జి డాసన్, ఆర్. డబ్ల్యు. డేల్ మొదలగువారు తమ ప్రార్థనాలయములలో పట్టణసేవ కూడ దైవసేవయే యని బోధించిరి. తాగుటకు నీరు లేని వానికి ధర్మోపదేశము చేయుటకంటె ముందు నీరీయవలెననియు, చదువుకొన్న గృహస్థుడు పురసభలో సభ్యుడగుటను నామోషీగా భావింపరాదనియు వారి మతము. వారి మాటలు విన్న వర్తకులు, న్యాయవాదులు, కార్ఖానాల యజమానులు ఒక్కరొక్కరుగా సభలో ప్రవేశించిరి. వారిలో మరచీలల వ్యాపారమున ధనమార్జించిన జోసెఫ్ చేంబర్లేను 1873 నవంబరులో మేయరయ్యెను. 1876 వఱకు ఆయన ఆ పదవిలో నుండెను.

చేంబర్లేను పనులకు పెట్టిన వరుస గమనింపదగినది. ఊరి యారోగ్యమునకు నీరు ముఖ్యమని ఆయనకు తెలియును. అయినను ఆయన మొదట చేపట్టినది నీరు గాదు, దీపపు గ్యాసు. దానికి కారణము గలదు. పురసభకు ఆదాయము చాలదు; పన్ను పెంచినచో పొదుపరులు మరల తలయెత్తుదురు. గ్యాసు వ్యాపారము అప్పుడు రెండు కంపెనీల చేతులలో నుండి మంచి లాభమునిచ్చుచుండెను. ఆ కంపెనీలను పట్టణమే కొని, లాభమును పట్టణమునకే మరల్చినచో తక్కిన పనులకు దారి యేర్పడును. సుమారు 20 లక్షల పౌనులకు 1875లో రెండు కంపెనీలును పట్టణము సొత్తైనవి. మొదటి సంవత్సరములోనే 34,000 పౌనుల లాభము వచ్చెను.

అదే సంవత్సరము నీటి కంపెనీని గూడ 13 లక్షల 50 వేల పౌనులకు కొనిరి. ఇచ్చట ఆయన చూపిన భేదము చాల లోతైనది. గ్యాసుపై లాభము తీయుటలో తప్పులేదు. దీపము ఎక్కువగా వెలిగించువాడు ఎక్కువ ఇచ్చును. కాని నీటిపై లాభము తీయరాదు. నీరు చౌకయైనకొలది రోగము తగ్గును, రోగము తగ్గుటయే పట్టణమునకు లాభము. ఒక పని చేతికి ధనము తెచ్చునది, ఒక పని ఆ ధనమును ఆరోగ్యముగా మార్చునది. రెంటిని ఒకే త్రాసులో తూచరాదని నిర్ణయించుట పాలకునికి మిక్కిలి ముఖ్యమైన వివేకము. నేటికిని పెక్కు పురపాలక సంఘములు అంగళ్ల సముదాయమును, మంచినీటి గొట్టమును ఒకే కొలతతో కొలిచి, ఆదాయము తెచ్చునది గనుక అంగళ్ల సముదాయమే ముందని తీర్మానించుట చూచుచున్నాము గదా.

మూడవ పని దగ్గఱ ఈ త్రాసు లోపము బయటపడెను. 1875లో పార్లమెంటు మురికివాడలను తీసివేయుటకు పురసభలకు అధికారమిచ్చుచు ఒక చట్టము చేసెను. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున సెయింట్ మేరీస్ వార్డు మొదలగు చోట్ల ఇండ్లు ఒకదానిపై నొకటి పడినట్లుండి, వెలుతురు గాలి లేక, మరణసంఖ్య ధనికుల పేటయైన ఎడ్జ్‌బాస్టనులోని దానికి సుమారు రెట్టింపుగా నుండెను. ఆ దుస్థితిని సభలో వర్ణించి చెప్పి, వాడలను కొని పడగొట్టుటకు అనుజ్ఞ పొందిరి. 1878 మొదలు అచ్చట కార్పొరేషన్ స్ట్రీటు అను విశాలమైన రాజవీథి తయారయ్యెను. దానికిరువైపుల గొప్ప అంగళ్లు, కచేరీలు వెలిసినవి. స్థలములను 75 ఏండ్ల కౌలుకిచ్చుటచేత పట్టణమునకు ముందుముందు గొప్ప యాస్తి యేర్పడెను. కాని పడగొట్టిన యిండ్లలోని పేదలకొఱకు క్రొత్త యిండ్లు కట్టుట దాదాపు జరుగలేదు. వారు మూటలు నెత్తిన బెట్టుకొని ప్రక్క వాడలకు పోయి, అచ్చటి యిఱుకును మఱింత యిఱుకు చేసిరి. ఎవరి మరణములను చూపి ధనము తెచ్చిరో వారికి ఆ ధనమువలన కలిగిన మేలు స్వల్పము.

ఇది కపటమని మేమనము. చేంబర్లేనును ఆయన సహచరులును పట్టణమును ప్రేమించినవారే; వారు తెచ్చిన నీరు వేలకొలది ప్రాణములను కాపాడినది. తరువాతి పురసభ 1892లో చట్టము పొంది, 73 మైళ్ల దూరమునుండి వేల్సు కొండల నీటిని తెప్పించి 1904లో ఆ పని నెఱవేర్చినది. అంత దూరదృష్టి గల సభకు గూడ పడగొట్టబడెడి యింటిలో నున్నవాని మాట వినబడలేదు. వినిపించుటకు ఆ సభలో అట్టివాడు లేడు. పన్ను చెల్లించు స్త్రీలలో వివాహము లేనివారికి 1869లో పురపాలక ఎన్నికలలో వోటు వచ్చినను, సభలో కూర్చుండుటకు స్త్రీలకు చట్టము 1907 వఱకు సమ్మతింపలేదు. బర్మింగ్‌హామ్ సభలో మొదటి స్త్రీ సభ్యురాలు ఎలెన్ పిన్‌సెంటు 1911లో గాని ప్రవేశింపలేదు. ఇరుకు గదిలో వంట చేసి, దూరపు బావినుండి నీరు మోసి, రోగి బిడ్డను ఒడిలో బెట్టుకొని రాత్రులు గడపిన దెవరో వారి మాట లేకయే ఇండ్ల పని, నీటి పని, ఆరోగ్యపు పని నిర్ణయమైనవి. సమర్థులు దయగలవారై తూచినను, తూనికరాళ్లు వారివే యైనప్పుడు త్రాసు ఒకవైపునకు కొంచెము మొగ్గకమానదు.

ఈ లోపమును సవరించు ప్రయత్నము నూఱేండ్ల తరువాత వేఱొక ఖండములో జరిగినది. బ్రెజిలు దక్షిణభాగమున రియో గ్రాందె దో సుల్ అను రాష్ట్రమునకు పోర్టో అలెగ్రె రాజధాని. గ్వాయిబా అను జలరాశి యొడ్డున నున్న ఆ నగరమున 1990 ప్రాంతమున 12 లక్షలకు పైగా జనముండిరి. 1964 మొదలు 1985 వఱకు ఆ దేశమున సైనికపాలనము సాగినది. ఆ కాలములో పల్లెలనుండి వచ్చిన కూలీలు నగరపు టంచులలోను కొండవాలులలోను గుడిసెలు వేసికొని, నీరు, మురుగు కాలువ, రోడ్డు లేకయే కాపురముండిరి. ఏ సౌకర్యము కావలెనన్నను ఎవరో యొక సభ్యుని ఆశ్రయించి, ఎన్నికలలో వోట్లిత్తుమని మాటయిచ్చి, దయాభిక్షగా పొందవలసినదే. ఆయన దయ గలిగినచో ఒక వీథికి దీపము వచ్చును. దానిని ఆయన పేరుతో పొగడవలెను. అడుగనిదే అమ్మయైన పెట్టదను సామెత మనకును గలదు. కాని అడుగుటకు పలుకుబడి గావలసివచ్చినప్పుడు ఆ సామెత పేదలకు అక్కఱకు రాదు.

పేటల ప్రజలు తమ సంఘములను 1983లో నొక సమాఖ్యగా కూర్చుకొనిరి. సౌకర్యములను దయగా నిచ్చుట మాని, నగరపు ఆదాయవ్యయ పట్టికను తయారుచేయుటలోనే తమకు భాగమీయవలెనని వారు 1986లో కోరిరి. 1988లో దేశమునకు క్రొత్త రాజ్యాంగము వచ్చి పురపాలక సంఘముల యధికారమును పెంచెను. ఆ సంవత్సరాంతపు ఎన్నికలలో కార్మికపక్షము గెలిచి, బ్యాంకు ఉద్యోగియు కార్మికనాయకుడు నైన ఒలీవియో దుత్ర 1989 జనవరిలో మేయరయ్యెను. ప్రజల కోరికను నెఱవేర్చుటకు ఆయన సమ్మతించెను. ఇట్లు పుట్టినదే ప్రజాభాగస్వామ్యముగల ఆదాయవ్యయ పట్టిక.

మొదటి సంవత్సరము ఆశాభంగముతో గడచినది. నగరపు టాదాయమంతయు దాదాపుగా ఉద్యోగుల జీతములకే పోవుచుండెను. 1989లో క్రొత్త నిర్మాణములకు మిగిలినది నూటికి 3 పాళ్లు మాత్రమే. ప్రజలను పిలిచి యడిగిరి, ప్రజలు వందలకొలది కోరికలు చెప్పిరి, ఏదియు జరుగలేదు. మరుసటి యేడు సభలకు వచ్చినవారు వేయిమందికి లోపే. కుండలో కూడు కుండలోనే యుండవలెను, బిడ్డలు గుండ్లవలె నుండవలెను అన్నట్లు, ధనము లేక సలహాలడుగుట వలన ప్రయోజనము లేదని పాలకులు గ్రహించిరి. వారు భూముల మీదను ఇండ్ల మీదను గల పన్నును సంస్కరించి, గొప్ప స్థలములున్నవారినుండి ఎక్కువగా రాబట్టిరి. నిర్మాణములకు మిగులు వంతు 1991 నాటికి నూటికి 16 దాటెను. పనులు కంటికి కనబడుటతోడనే సభలకు జనము వేలకొలదిగా రాసాగిరి. మాట యడుగుటయు ధనము చూపుటయు కలిసి నడచినప్పుడే ప్రజలు తమ సాయంకాలమును వ్యయపఱచి సభకు వత్తురను సంగతిని మనము మఱవరాదు.

ఇక ఆ త్రాసు ఎట్టిదో చెప్పెదము. నగరమును 16 భాగములుగా విభజించిరి. ప్రతి యేడును ప్రతి భాగమునందును బహిరంగ సభ జరుగును. ఆ భాగములో నివసించు పెద్దవారెవరైనను రావచ్చును. మొదట పాలకులు గడచిన యేటి లెక్క చెప్పవలెను: ఏ పని చేయుదుమంటిమి, ఏది చేసితిమి, ఏది చేయలేదు, ఏల చేయలేదు. పిమ్మట ప్రజలు తమ భాగమునకు నీరు, మురుగు, ఇండ్లు, రోడ్డు, బడి, వైద్యము మున్నగువానిలో ఏది మొదటిది, ఏది రెండవది, ఏది మూడవది యని వరుస నేర్పఱతురు. సభకు వచ్చినవారి సంఖ్యను బట్టి ప్రతినిధులను ఎన్నుకొందురు. ఎక్కువమంది వచ్చిన వీథికి ఎక్కువమంది ప్రతినిధులు. ప్రతి భాగమునుండియు ఇద్దఱు చొప్పున నగరపు పెద్ద మండలికి పోవుదురు. వారికి జీతము లేదు. ఒక యేడాదికే పదవి. వరుసగా రెండు మార్లకంటె నుండరాదు. విశ్వాసము పోయినచో నడుమనే తొలగింపవచ్చును. 1994 మొదలు రాకపోకలు, విద్య, ఆరోగ్యము మొదలగు నగరమంతటికి సంబంధించిన విషయములకు వేఱుగా సభలేర్పఱచి వానినుండియు ఇద్దఱు చొప్పున చేర్చిరి.

భాగములన్నియు రోడ్డే కావలెనన్నచో ఎవరికెంత? ఇచ్చటనే వారి ముఖ్యమైన కల్పన గలదు. మూడు ప్రశ్నలు వేయుదురు. ఆ భాగమువారు ఆ పనిని ఎన్నవ వరుసలో పెట్టిరి? ఆ సౌకర్యము అచ్చట నూటికెంతమందికి లేదు? అచ్చట ఎంతమంది జనము గలరు? ప్రతి ప్రశ్నకు ఒకటి మొదలు నాలుగు వఱకు గుణము లిత్తురు. ప్రశ్నలకు బరువులు వేఱు. 2000 తరువాతి నియమావళులలో నొకదాని ప్రకారము ప్రజల వరుసకు బరువు 5, లోటునకు 4, జనసంఖ్యకు 2. ఉదాహరణకు రెండు పేటలను ఊహింతము. మొదటి పేట పెద్దది, జనసంఖ్యకు నాలుగు గుణములు; కాని రోడ్లు లేని వీథులు చాల తక్కువ గనుక లోటునకు ఒక్కటే గుణము; రోడ్డును వారు మూడవ కోరికగా పెట్టిరి గనుక దానికి రెండు. మొత్తము పది, నాలుగు, ఎనిమిది కలిసి 22. రెండవ పేట చిన్నది, జనసంఖ్యకు ఒకటే గుణము. కాని నూట 80 వీథులకు రోడ్లు లేవు, లోటునకు నాలుగు. రోడ్డే వారి మొదటి కోరిక, దానికి నాలుగు. మొత్తము ఇరువది, పదునాఱు, రెండు కలిసి 38. ఆ యేడు ఈ రెండు పేటలకు 30 కిలోమీటర్ల రోడ్డు వేయగలిగినచో చిన్న పేటకు 19, పెద్ద పేటకు 11 వచ్చును.

ఈ చిన్న లెక్కలో పెద్ద నీతి గలదు. జనము ఎక్కువగా నున్న పేట తన సంఖ్యాబలముతో తక్కినవారిని త్రోసివేయలేదు. లోటు గలవాడు ఏడ్చి చూపనక్కఱలేదు. ఆ లోటు పురపాలక ఉద్యోగుల లెక్కలలోనే యున్నది. కోరినంతమాత్రమున రాదు, కోరకయు రాదు. అన్నిటికంటె ముఖ్యమైన దేమనగా, బరువులు ఇంతయని తూచుటకు ముందే ప్రకటింపబడినవి; ఆ బరువులను గూడ ప్రజల మండలియే యేటేట చర్చించి మార్చును. తన పేటకు ఏల రాలేదని యొక పనివాడు అడిగినచో పెద్దమనిషి ముఖము చూడనక్కఱలేదు, కాగితము చూచుకొనవచ్చును. రానందుకు దుఃఖము కలుగునేమో గాని అవమానము కలుగదు.

ఇట్టి సభలవలన నొక గొప్ప గుణము కలుగుననుటకు అదే దేశములోని బెలో హొరిజొంతె నగరమును చూడవలెను. అచ్చట 1993లో నీ పద్ధతి మొదలయ్యెను. కడపటి నిర్ణయమునకు ముందు ప్రతినిధులందఱును బస్సులలో నెక్కి, కోరబడిన పనుల స్థలములన్నిటిని స్వయముగా చూచి రావలెనని అచ్చట నేర్పాటు చేసిరి. తన వీథి గుంటలే ప్రపంచములో పెద్ద గుంటలని వాదింపవచ్చినవాడు, ప్రక్క కొండపై పిల్లలు మురుగు నీటిని దాటి బడికి పోవుట చూచును. నాలుక చెప్పలేని మాటను కన్ను చెప్పును. గృహిణికి తన యింట గల సౌకర్యము, అనగా అడుగంటిన కుండను కన్నులార చూచుట, ఇట్లు నగరమునకు గూడ కొంతవఱకు లభించినది.

ఫలితములు తక్కువవి కావు. పోర్టో అలెగ్రెలో మురుగు గొట్టముల సౌకర్యముగల యిండ్లు 1989లో నూటికి 46 ఉండగా 1996 నాటికి 85 అయ్యెను; మంచినీరు దాదాపు అన్ని యిండ్లకును చేరెను. ధనికుల పేటలకంటె పేదల పేటలలోనే ఖర్చు ఎక్కువగా జరిగినది. సభలకు వచ్చినవారిలో పేదలు, స్వల్పవిద్య గలవారు, స్త్రీలు అధికముగా నుండిరి. మొదట వెనుక బల్లలపై మౌనముగా కూర్చుండిన స్త్రీలు రెండు మూడేండ్లలో అంకెలడుగుట నేర్చుకొనిరి. ఐక్యరాజ్యసమితివారు 1996లో ఇస్తాంబుల్‌లో జరిపిన నగరముల మహాసభయందు ఈ పద్ధతి శ్లాఘింపబడెను. తరువాత అనేక దేశముల నగరములు దీనిని పలురూపముల స్వీకరించినవి. మన దేశములో పూనా నగరము 2006లో కొంత భాగమునకు దీనిని అవలంబించినది.

అయితే స్తోత్రముతో వ్యాసమును ముగించుట సత్యమునకు ద్రోహము. ఎన్నికైన సభ్యులుండగా ఈ వేఱు మండలి యేలయని ఆక్షేపించినవారు గలరు. చట్టప్రకారము పట్టికను ఆమోదించు నధికారము పురసభదే. కాని ప్రజలు వేలకొలది కూడి నిర్ణయించినదానిని త్రోసిపుచ్చుటకు సభ్యులు జంకుచుండిరి. సభలకు రాలేని కడు నిరుపేదలు, పగలు రాత్రి పనిచేయువారు ఇందులోను వెనుకబడిరనుటయు నిజమే. అన్నిటికంటె పెద్ద కష్టము ధనము తగ్గినప్పుడు వచ్చినది. 2000 తరువాత నగరపు టాదాయము బిగిసి, ఒప్పుకొన్న పనులు ఏండ్లతరబడి నిలిచిపోయెను. 2004 ఎన్నికలలో కార్మికపక్షము ఓడెను. పద్ధతి పేరునకు నిలిచినను బలము క్షీణించి, 2017లో కొంతకాలము నిలిపివేయబడెను. పాలకుల యిష్టముపై ఆధారపడినంతకాలము ఏ మంచి యాచారమైనను గాలిలో దీపమే.

ఇంకొక లోపము 2024వ సంవత్సరము మే నెలలో నగరమునకు భయంకరముగా తెలియవచ్చెను. గ్వాయిబా 1941లో పొంగి నగరమును ముంచగా, మరల అట్లు జరుగకుండ 1970 తరువాత గోడలు, కట్టలు, తలుపులు, నీటిని తోడు యంత్రశాలలు నిర్మించిరి. అర్ధశతాబ్దము ఆ యేర్పాటుతో పెద్దగా పని పడలేదు. పని పడని వస్తువునకు తుప్పు పట్టుట సహజము. 1941లో 4.76 మీటర్లకు లేచిన నీరు 2024లో 5.3 మీటర్లు దాటినప్పుడు కొన్ని తలుపులు నిలువలేదు, పెక్కు యంత్రశాలలు ఆగిపోయెను, నగరపు నడిబొడ్డు వారములకొలది నీట మునిగెను. ఈ ప్రమాదమును ప్రజల సభలపై మోపుట న్యాయము గాదు. అప్పటికి వానికి మునుపటి బలము లేదు. అయినను ఇందొక విచారము గలదు. మా వీథికి రోడ్డు వేయుడని యడుగువారు సభనిండ నుందురు. ఏబదియేండ్లకొకసారి అక్కఱపడు తలుపునకు నూనె వేయుడని యడుగువారు ఏ పేటలోను ఉండరు. క్రొత్త పనికి శంకుస్థాపన గలదు, పాత పనిని కాపాడుటకు శంకుస్థాపన లేదు. పొరుగు పేటల కోరికలను న్యాయముగా తూచుట ఒక విద్య. ఎవరును కోరని దానిని జ్ఞప్తియందుంచుకొనుట వేఱొక విద్య. మొదటిది ప్రజలకు బాగుగా వచ్చును. రెండవదానికి చేంబర్లేను వంటి దూరదర్శులును నిజము చెప్పుటకు వెఱవని ఇంజనీర్లును కావలెను. ఏ నగరమైనను ఈ రెండు విద్యలలో నొకదానినే నమ్ముకొన్నచో కష్టపడును.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచిన సంగతి మన తెలుగువారికి చెప్పనక్కఱలేదు. ఆ విపత్తు తరువాతనే నగరాభివృద్ధి సంస్థ 1912లో నేర్పడెను, పైన ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము అను జలాశయములు వెలసెను. ఆపద వచ్చిన పిమ్మట మనము పెద్ద పనులను చక్కగానే చేయగలము. ఆపద లేనప్పుడు చెఱువుగట్టునకును వాననీటి కాలువకును పట్టికలో చోటు నిలుపుటయే కష్టము.

మన రాజ్యాంగమునకు 1992లో జరిగిన 74వ సవరణచేత పురపాలక సంఘములకు రాజ్యాంగపు రక్షణ కలిగినది. 3 లక్షలకు మించిన జనము గల నగరములలో వార్డు సంఘములుండవలెననియు, సభ్యస్థానములలో మూడవ వంతునకు తక్కువ గాకుండ స్త్రీలకుంచవలెననియు అందు విధించిరి. కేరళ రాష్ట్రము 1996లో తన ప్రణాళికాధనమునందు నూటికి 35 మొదలు 40 పాళ్లవఱకు స్థానిక సంస్థలకిచ్చి, ఏ పని కావలెనో ప్రజల సభలలో నిర్ణయింపుడని ప్రారంభించినది. మార్గము లేదని మనము చెప్పజాలము. కాగితముపై వార్డు సంఘమున్నంతమాత్రమున చాలదనియు, దాని చేతిలో ధనమును ముందుగా ప్రకటించిన తూనికరాళ్లును ఉండవలెననియు పై రెండు నగరముల చరిత్రము చెప్పుచున్నది.

కావున మేము కోరునది పెద్దది గాదు. మన పురపాలక సంఘము ప్రతి సంవత్సరము పట్టికను ఆమోదించుటకు ముందు ఏ వార్డులో ఎన్ని యిండ్లకు కొళాయి లేదో, ఎన్ని వీథులకు మురుగు కాలువ లేదో అచ్చువేసి గోడలకంటింపవలెను. ఏ కొలతతో పనులను వరుసపఱచునో ముందే చెప్పవలెను. గడచిన యేడు మాటయిచ్చి చేయని పనుల పట్టికను క్రొత్త పనుల పట్టికకంటె ముందు చదువవలెను. కాపాడవలసిన పాత పనులకు కొంత ధనమును ఎవరును ముట్టరాని భాగముగా వేఱు చేయవలెను. ఇందు వేనికిని క్రొత్త పన్ను అక్కఱలేదు. సిగ్గుపడకుండుటయు దాచకుండుటయు చాలును.

సంఘము వీనిని తనంతట చేయునని యెదురుచూచుట వెఱ్ఱితనము. పోర్టో అలెగ్రెలో గూడ ముందడిగినవారు ప్రజలే. మేయరు పిమ్మట ఒప్పుకొనెను. మన యిండ్లలో చదువుకొన్న స్త్రీపురుషులు వార్తాపత్రికలో దేశదేశముల సంగతులు చదివి చర్చింతురు గాని, తమ వార్డు సభ యెన్నడు జరుగునో పెక్కుమందికి తెలియదు. కొళాయి యున్న యింటివారు ఆ సభకు పోవుట తమకొఱకు గాదు. కొళాయి లేని వీథివారిని వెంటబెట్టుకొనిపోయి, వారి మాట పూర్తియగువఱకు ఇతరులు అడ్డురాకుండ చూచుటకు పోవలెను. మా ధనము, మా పన్ను అని బర్మింగ్‌హామ్ పొదుపరులు లెక్కించినంతకాలము వారి యూరి బావులు విషమయమై యుండెను. మా యూరు అని లెక్కించుట నేర్చినపిమ్మటనే అచ్చట మంచినీరు వచ్చినది.